దగ్గితే మూత్రం కారుతోందా, తాళం తీసేలోపే అయిపోతోందా?

మూత్రసంచి నిండేటప్పుడు దాని గోడలోని డెట్రూసర్ కండరం వదులుగా సాగుతూ ఉండాలి, కింద మూతి బిగిసి ఉండాలి. 150–200 మి.లీ. చేరేసరికి వెళ్ళాలని అనిపిస్తుంది, 400 దాకా ఆపుకోగలం. లోపలి మూతి మన మాట వినదు. బయటి మూతి, దాని చుట్టూ ఉయ్యాలలా పరుచుకున్న కటి కండరాలు మాత్రం మన చెప్పుచేతల్లో ఉంటాయి.

సమస్య: దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా కారడం

కారణం: పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. కాన్పులకు సాగిపోయిన కింది కండరాలు దాన్ని తట్టుకోలేవు.

పరిష్కారం: అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కీగెల్ 1948లో వివరించిన వ్యాయామమే. గ్యాస్ బయటికి రాకుండా ఆపుకునేటప్పుడు ఏ కండరాన్ని పైకి లాక్కుంటామో, అదే. ఐదు లెక్కపెట్టేదాకా బిగించి, మళ్ళీ అంతసేపు పూర్తిగా వదలాలి. పదిసార్లు చొప్పున మూడు పూటలా. చాలామంది ఇక్కడ పిరుదులు, తొడలు బిగించి, ఊపిరి బిగబట్టి, చేశామనుకుంటారు. పొట్టమీద చెయ్యి పెట్టుకుని చూడండి, అది గట్టిపడకూడదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపడం రోజూ సాధనగా చేయొద్దు, సంచి సరిగా ఖాళీ కాదు. తుమ్ము వస్తోందనగానే ముందే ఒకసారి బిగించడం అలవాటైతే సగం ఇబ్బంది అక్కడే తగ్గుతుంది. మూడు నెలలైనా చెయ్యాలి, వారానికే విసుక్కుంటే లాభం లేదు.

సమస్య: అనిపించిందంటే పరుగే

కారణం: కింద పట్టు బాగానే ఉండొచ్చు. సంచి నిండకముందే డెట్రూసర్ ముడుచుకుంటోంది. ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే ఉంటుంది కాబట్టి ముందు మూత్ర పరీక్ష.

పరిష్కారం: పరుగెత్తకండి. ఉన్నచోటే ఆగి నాలుగైదుసార్లు చకచకా బిగించి వదలండి, తొందర సద్దుమణిగాక నడవండి. రెండుసార్ల మధ్య వ్యవధిని వారానికో పావుగంట పెంచుకుంటూ పోండి. కాఫీ, టీ తగ్గించండి. నీళ్ళు మాత్రం మానకండి (బస్సెక్కే రోజు పొద్దున్నుంచి గుక్కెడు ముట్టనివాళ్ళు మన ఇళ్ళలో ఎందరో!). చిక్కబడ్డ మూత్రం సంచిని ఇంకా రేపుతుంది.

సమస్య: వెళ్ళొచ్చినా ఇంకా ఉన్నట్టుండి, చుక్కలుగా కారడం

సంచి ఖాళీ కావట్లేదు. మగవాళ్ళలో పెరిగిన ప్రొస్టేట్ (మూత్రసంచి కింద ఉండే గ్రంథి), ఏళ్ళతరబడి షుగర్‌తో దెబ్బతిన్న నరాలు తరచూ కారణం. దీనికి బిగించే వ్యాయామం మందు కాదు. యూరాలజిస్టు దగ్గర స్కాన్ చేయించి ఎంత మిగిలిపోతోందో చూపించుకోవాలి.

మూత్రంలో రక్తం, చలిజ్వరం, ఉన్నట్టుండి మూత్రం బిగుసుకుపోవడం, తొడల మధ్య మొద్దుబారడం: వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.