ఆటలో అరటిపండు ఎవరూ వద్దు

పది పన్నెండేళ్ల పిల్లలు ఏడు పెంకులాట మొదలుపెడితే, వీల్‌చెయిర్‌లో ఉన్న పిల్లనో, చూపు సరిగా ఆనని పిల్లాడినో ‘ఆటలో అరటిపండు’ చేసి పక్కన ఉంచేస్తారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చిన్న మార్పులు చాలు, అందరూ నిజంగానే ఆడొచ్చు.

పెంకులు నేలమీద కాకుండా ప్లాస్టిక్ స్టూలు మీద పేర్చండి. కుర్చీలో కూర్చున్న పిల్లకి చెయ్యి అందుతుంది. అరచేతంత నాపరాయి ముక్కలు తీసుకుని, అంచులు గచ్చు మీద రుద్ది నున్నగా చేస్తే వేళ్లలో పట్టు లేనివాళ్లకూ సులువు. మెత్తటి గుడ్డబంతిని గరగరలాడే పాలిథిన్ కవర్లో చుట్టి గట్టిగా ముడేయండి. అది దొర్లుతుంటే వచ్చే చప్పుడు విని చూపు తక్కువైన పిల్లాడు టక్కున అటు తిరుగుతాడు.

బంతి మోకాలి కిందే తగలాలి. కుర్చీ చక్రానికి తగిలినా అవుటే, ఇందులో జాలి చూపించొద్దు. విసిరే గీత మాత్రం ఎవరిది వాళ్లకే: ఒకరికి పది అడుగులు, ఇంకొకరికి నాలుగు. ఎక్కడ గీయాలో పిల్లల్నే తేల్చుకోమనండి.

గట్టి నేల చూసుకోండి, ఇసుకలో చక్రాలు కూరుకుపోతాయి.