పాత ఫోర్‌వీల్ జీపు కొన్నారా? ముందు కిందకి దూరండి: సమస్యలు - పరిష్కారాలు

టెక్కలి అవతల ఒక తోటలో నిలబెట్టిన పాత డీజిల్ జీపు కొన్నాను. విజయనగరం దాకా హైవే మీద హాయిగా వచ్చేసింది. ఇంటికొచ్చి ఫోర్‌వీల్ (నాలుగు చక్రాలూ లాగే ఏర్పాటు) వేద్దామని పెద్ద గేరు రాడ్డు పక్కనున్న చిన్న రాడ్డు పట్టుకుంటే నేలలో పాతినట్టుంది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "మాకెప్పుడూ దాంతో పని పడలేదండీ" అన్నాడు. అసలు జబ్బు అదే. మన వైపు పాత ఫోర్‌వీల్ బళ్లు తిరిగి పాడైనవాటికంటే, ఫోర్‌వీల్ వాడక పాడైనవే ఎక్కువ అనిపిస్తుంది నాకు. షెడ్డులో మేస్త్రి చెప్పింది కూడా అదే: "ఇంజినుకేటి బాబూ, బాధొస్తే అరుస్తాది. కిందున్నవే నోరెత్తవు."

చిన్న రాడ్డు కదలట్లేదు

రెండు కారణాలు. ఒకటి, రాడ్డు కింద లింకేజీ కీళ్లు తుప్పు పట్టి బిగుసుకోవడం. రెండు, ఎవరో టారు రోడ్డు మీద ఫోర్‌వీల్‌లో నడిపి అలాగే ఆపేయడం. అప్పుడు గేర్ల పళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉండిపోతాయి. సుత్తి జోలికి మాత్రం వెళ్లకండి. రాత్రి లింకేజీ కీళ్లకి తుప్పు వదిలే స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దున మట్టి నేల మీద స్టీరింగు తిన్నగా పెట్టి, రెండు మూడు మీటర్లు వెనక్కి పోనిస్తూ క్లచ్ నొక్కి రాడ్డు లాగండి. నాది మూడో రోజున కదిలింది. 4ఎల్ (వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ ఉండే ఫోర్‌వీల్) వేసేటప్పుడు బండి పూర్తిగా ఆగాలి.

రాడ్డు పడింది, ముందు చక్రాలు లాగట్లేదు

చాలా పాత బళ్లలో ముందు చక్రాల మధ్యలో, చక్రాన్ని ఇరుసుకి కలిపే, విడదీసే లాకింగ్ హబ్‌లు ఉంటాయి. కొన్నిటికి చేత్తో తిప్పాలి, కొన్నిటికి గాలి గొట్టాలతో పనిచేసే ఏర్పాటు. పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. చదునైన నేల మీద వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టి, ముందు రెండు చక్రాలూ జాకీలతో లేపి, స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. ఇంజిను ఆపి, 4హెచ్ (మామూలు వేగాల ఫోర్‌వీల్) వేసి, మొదటి గేరులో ఉంచి, హబ్‌లు లాక్ చేయండి. ఇప్పుడు ఒక చక్రం చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిక్కుకి తిరగాలి. రెండోది కదలకుండా మీ చేతిలోది ఒక్కటే తేలిగ్గా తిరిగిపోతుంటే హబ్ ఏదో పట్టట్లేదని లెక్క.

నాకు ఎడమ హబ్ పట్టలేదు. విప్పితే లోపల గ్రీజు ఎండి పాత బెల్లం గడ్డలా ఉంది. డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు పల్చగా పూశాం. ఇక్కడ చేయి ఎక్కువైతే మళ్లీ మొదటికే వస్తుంది, గ్రీజు కుక్కితే హబ్ లోపలి ముక్కలు జరగవు. గాలి గొట్టాలున్న బండైతే ముందు రబ్బరు గొట్టాల పగుళ్లు చూడండి.

టారు రోడ్డు మలుపుల్లో స్టీరింగు బిగుస్తోంది

ఫోర్‌వీల్‌లో ఉంటే ఇది లోపం కాదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. పార్ట్‌టైమ్ (కావాల్సినప్పుడే వేసుకునే) ఫోర్‌వీల్ బళ్లలో ఆ తేడా సర్దే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. మట్టిలో చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, టారు మీద జారదు కాబట్టి ఆ బిగువంతా షాఫ్టులు, గేర్లు మోస్తాయి. సాలూరు ఘాటు ఎక్కుతూ వానకి భయపడి 4హెచ్ వేసేవాళ్లని చూశాను. పట్టు ఉన్న రోడ్డు మీద 2హెచ్ (వెనక చక్రాలే లాగేది) చాలు.

2హెచ్‌లోనూ బిగుస్తుంటే ముందు చక్రాలు పక్కకి తిరిగే కీలు దగ్గరి నకిల్ బేరింగులు, స్టీరింగు జాయింట్లు ఎండిపోయాయేమో చూడాలి. అలాగే టైర్లు. నాలుగూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. ముందు కొత్తవి, వెనక గుండువి వేస్తే ఫోర్‌వీల్‌లో తిన్నగా వెళ్తున్నా బిగువు పుడుతుంది. టైరు పక్కన నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది.

గేరు వేయగానే 'టక్', వేగం పెరిగితే కింద అదురు

ఇరుసుకి తిప్పుడు మోసే ప్రొపెల్లర్ షాఫ్టు చివర క్రాసులు (కీళ్లు) అరిగి ఉంటాయి. చక్రాలకి రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్టు రెండు చేతులా పట్టుకుని ఇటూ అటూ మెలిపెట్టండి. క్రాసు దగ్గర ఆట (వదులు) తెలిసినా, కప్పుల చుట్టూ ఎర్రటి పొడి కనిపించినా లోపల సూదుల బేరింగు ఎండిపోయినట్టే. గ్రీజు గన్‌తో కొడితే నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటకి రావాలి. ఆట పోకపోతే మార్చేయడమే. షాఫ్టు విప్పే ముందు అన్ని జోడింపుల మీదా పెయింటుతో గీత పెట్టించండి. తిరిగి ఒక పన్ను తేడాగా ఎక్కిస్తే కొత్త క్రాసులతోనూ బండి అదురుతుంది.

ఆయిలు పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది

నీళ్లు దిగాయి. నాగావళి, వంశధార పొంగినప్పుడో, 2014 హుద్‌హుద్ తుపానులోనో, 2018 తిత్లీలోనో నీట నిలిచిన బండి కావొచ్చు. లేదా వాగు దాటినప్పుడు వేడి ఇరుసు చల్లబడి, ఇరుసుకి గాలాడే బ్రీదర్ గొట్టం మూసుకుపోయి ఉంటే సీలు సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది.

ముందు, వెనక ఇరుసులు, ట్రాన్స్‌ఫర్ కేసు (రెండు ఇరుసులకీ బలం పంచే పెట్టె), గేరు బాక్సు నాలుగూ చూడాలి. ఆయిలు వదిలే బోల్టు ముట్టుకునే ముందు పోసే బోల్టు విప్పండి. కింది నుంచి ఆయిలంతా వదిలేశాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. బోల్టుకి అయస్కాంతం ఉంటే దానికంటిన నల్లటి పేస్టు మామూలే, పలుకులు, ముక్కలు కనిపిస్తే హౌసింగు విప్పాల్సిందే. ఇరుసులకి చాలా బళ్లలో 80డబ్ల్యూ-90 పడుతుంది, గేరు బాక్సుకి వేరేది ఉండొచ్చు, బండి పుస్తకం చూసి పోయండి. పోసే కన్నం అంచు దాకా వస్తే చాలు. నీళ్లు దిగిన బండికి కొద్ది రోజులు తిప్పి ఆయిలు మరోసారి మార్చాలి, బ్రీదర్ శుభ్రం చేయడం మరిచిపోకుండా.

కింద కొత్త నల్ల పెయింటు మెరుస్తోంది

నాకు అనుమానం అక్కడే. భావనపాడు, కళింగపట్నం వైపు చేపల బుట్టలు మోసిన బళ్ల ఛాసిస్‌ని ఉప్పునీరు లోపలి నుంచి తింటుంది. చిన్న సుత్తితో పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. 'ఠంగ్' మన్నచోట ఇనుముంది, 'బద్' మన్నచోట పెయింటుంది. కమాను కట్టలు బిగించే చోట, స్టీరింగు బాక్సు చోట మెత్తబడితే వెల్డింగు మాట నమ్మకండి. కొనకపోయి ఉంటే వదిలేయండి.

పొగ, వేడి, కాగితాలు

వేడెక్కాక కూడా నల్ల పొగైతే ముందు ఎయిర్ ఫిల్టరు, తర్వాత డీజిల్ చిమ్మే నాజిళ్లు చూడండి. నీలం పొగైతే ఇంజిను ఆయిలు తాగుతోంది. ఆగని తెల్ల పొగ, తగ్గుతున్న కూలెంటు రెండూ కలిస్తే హెడ్ గాస్కెట్ (ఇంజిను పైభాగం కింద ఉండే సీలు) చూపించండి. రేడియేటర్లో ఉప్పు బోరు నీళ్లు పోయొద్దు.

ఒడిశా బండైతే 28వ ఫారం ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం), అప్పు మీద కొన్నదైతే అప్పు తీరినట్టు 35వ ఫారం అడగండి. 15 ఏళ్లు దాటితే ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలుస్తోందో లేదో చూడండి.

నా జీపు తలుపు లోపలి అంచున పెయింటు పెన్నుతో ఆయిలు మార్చిన తేదీ, కిలోమీటర్లు రాసుకున్నాను. దాని కింద ఇంకో వరస: నెలకోసారి 4హెచ్. దున్నిన చేలో హబ్‌లు లాక్ చేసి ఒక కిలోమీటరు నడుపుతాను. మొన్న ఆదివారం చిన్న రాడ్డు రెండు వేళ్లతో పడింది.