నల్లపావులతో ఆడేటప్పుడు గుర్రాలు ఎక్కడ నిలవాలి: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల్లో చదరంగం నేర్చుకునే పిల్లల స్కోరు షీట్లు చూస్తూ ఉంటే, నల్లపావులతో ఓడిన ఆటల్లో చాలావాటికి బీజం మొదటి పది ఎత్తులలోపే, అదీ గుర్రాల దగ్గరే పడిందని తెలుస్తుంది. "ఎఫ్6లో ఒకటి, సి6లో ఒకటి పెట్టమన్నారు కదా సార్" అని వారు అడిగే మాటలో తప్పు లేదు. అవి మంచి గళ్లే (గడి పేరులో అక్షరం నిలువు వరసను, అంకె తెల్లపావుల వైపు నుంచి లెక్కించిన అడ్డ వరసను చెబుతుంది). అయితే మన సి, డి, ఇ బంట్లు ఎక్కడున్నాయో, ప్రత్యర్థి ఇ బంటు ఎక్కడిదాకా వచ్చిందో చూడకుండా గుర్రాలను అక్కడికి దూకించడం వల్లనే కింది చిక్కులన్నీ వస్తున్నాయి.

సమస్య: నాలుగో ఎత్తుకే ప్రత్యర్థి గుర్రం జి5కు వచ్చి ఎఫ్7 మీద పడుతుంది.

కారణం: ఇ4, ఇ5, గుర్రం ఎఫ్3, గుర్రం సి6, బిషప్ సి4 అనే వరసలో (తెలుపు ఎత్తు ఒకటి, నలుపు ఎత్తు ఒకటిగా చదవాలి) మన మంత్రి డి8లో కదలకుండానే జి5 గడిని కాస్తూ ఉంటుంది. మూడో ఎత్తుగా రెండో గుర్రాన్ని ఎఫ్6కు తేగానే ఆ ఐమూల దారి మూసుకుపోతుంది. అంతకు ముందు జి5కు వస్తే ఊరికే చిక్కిపోయే గుర్రం ఇప్పుడు నిర్భయంగా అక్కడ దిగి, సి4 బిషప్‌తో కలిసి ఎఫ్7ను పట్టుకుంటుంది. ఎఫ్8లో బిషప్ ఇంకా కూర్చునే ఉంది కనుక క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడం) చేసి ఏనుగుతో కాపాడుకునే వీలు కూడా ఉండదు.

పరిష్కారం: బంటును డి5కు తోసి బిషప్ దారికి అడ్డం వేయాలి. ప్రత్యర్థి ఇ బంటుతో దాన్ని కొట్టిన తరువాతి ఎత్తులోనే పిల్లలు ఎక్కువగా దెబ్బతింటారు. ఎఫ్6 గుర్రంతో డి5లోని బంటును తిరిగి కొట్టడం సహజంగానే తోస్తుంది. కానీ ఆ వెంటనే ప్రత్యర్థి తన గుర్రాన్ని ఎఫ్7లో బలి ఇచ్చి, రాజు దాన్ని తీసుకోగానే మంత్రిని ఎఫ్3కు తెచ్చి చెక్ చెబుతాడు. డి5 గుర్రాన్ని నిలుపుకోవాలంటే మన రాజు ఇ6కు, అంటే బోర్డు నడిమధ్యకు, నడిచి వెళ్లాలి. కంప్యూటర్ అయితే నిలదొక్కుకోవచ్చు గాని, గడియారం నడుస్తుండగా పన్నెండేళ్ల పిల్లవాడు నిలవడం కష్టం. చెన్నై మనకు రైల్లో మూడు గంటల దూరమే కాబట్టి అక్కడి పోటీలకు వెళ్లే నెల్లూరు పిల్లలకు ఈ వరసను కంఠతా పట్టిన ప్రత్యర్థులు తప్పక ఎదురవుతారు.

కాబట్టి అక్కడ సి6 గుర్రాన్ని ఏ5కు పంపి బిషప్ మీదికి వెళ్లాలి. బిషప్ బి5 నుంచి చెక్ ఇస్తే బంటు సి6. ప్రత్యర్థి కొడితే బి బంటుతో తిరిగి కొట్టాలి. ఒక బంటు తగ్గినా, బి5లోని బిషప్, జి5లోని గుర్రం రెండూ వెనక్కి తగ్గక తప్పదు, ఆ వ్యవధిలో మన పావులు బయటికి వస్తాయి. గుర్రం అంచున ఉండకూడదన్న సూత్రానికి ఇది పనికివచ్చే మినహాయింపే అయినా, దాన్ని అక్కడే మరిచిపోకుండా తరువాత బి7 మీదుగా ఆటలోకి తేవాలి. ఈ గొడవంతా వద్దనుకుంటే మూడో ఎత్తుగా గుర్రానికి బదులు బిషప్‌ను సి5కు తేవడం మేలు. మంత్రి కాపలా అలాగే ఉంటుంది. కొత్తవారికి నేను చెప్పేది ఇదే.

సమస్య: అదే ఆరంభంలో మూడో ఎత్తుగా ప్రత్యర్థి బిషప్ సి4కు బదులు బి5కు రాగానే, సి6 గుర్రం పోతే ఇ5 బంటు కూడా పోతుందని భయం.

కారణం, పరిష్కారం: భయానికి ఆధారం లేదు. బంటు ఏ6 అనండి. బిషప్ గుర్రాన్ని కొడితే డి బంటుతో తిరిగి కొట్టండి. ప్రత్యర్థి ఇ5 బంటును తీసుకుంటే, దారి తెరుచుకున్న మన మంత్రి డి4కు వచ్చి ఇ5లోని గుర్రాన్నీ ఇ4 బంటునూ ఒకేసారి పట్టుకుంటుంది, బంటు తిరిగి వస్తుంది.

సమస్య: ప్రత్యర్థి బంటు డి4తో మొదలుపెట్టే ఆటల్లో పావులన్నీ బయటికి వచ్చినా మన శిబిరం ఇరుకుగానే ఉంటుంది, కొట్టడానికి ఏమీ దొరకదు.

కారణం: డి4, డి5, సి4 తరువాత గుర్రాన్ని సి6కు తెస్తే మన సి బంటు దాని వెనకే చిక్కుకుంటుంది. డి5కు ఆసరాగా సి6కు రావలసింది, డి4ను సవాలు చేయడానికి సి5కు వెళ్లవలసింది ఆ బంటే. రష్యా ఆటగాడు మిఖాయిల్ చిగోరిన్ పేరుతో రెండో ఎత్తుకే గుర్రం సి6కు దూకే రక్షణ ఒకటి ఉంది, అది చెల్లేదే. కానీ అందులో మన పావులు చకచకా విరుచుకుపడాలి, నెమ్మదిగా కాపుకాసే ఆటకు అది కుదరదు.

పరిష్కారం: బంటు ఇ6, గుర్రం ఎఫ్6, ఆ పైన బి8 గుర్రం డి7కు. సి బంటుకు దారి మిగులుతుంది, ఎఫ్6 గుర్రం కొట్టుడుపోయినా డి7 గుర్రం దాని స్థానంలోకి వస్తుంది. ప్రత్యర్థి బిషప్‌ను జి5కు తెచ్చి ఎఫ్6 గుర్రాన్ని పిన్ చేసి (కదిలితే వెనకున్న విలువైన పావు దెబ్బలో పడేలా బిగించి), డి5లో బంట్లు మార్చుకుంటే, డి7 గుర్రం మంత్రికి అడ్డుగా ఉంది కనుక మన డి5 బంటు దిక్కులేనిదిగా కనిపిస్తుంది. ఆశపడి దాన్ని గుర్రంతో తీసుకున్నాడా, మనం పిన్‌ను లెక్కచేయకుండా ఎఫ్6 గుర్రంతో ఆ గుర్రాన్ని కొట్టాలి. అతడు మన మంత్రిని తీసుకుంటాడు. మన బిషప్ బి4 నుంచి చెక్ ఇస్తే అడ్డం వేయడానికి అతనికి మంత్రి తప్ప మరొకటి ఉండదు. మార్పిడులన్నీ ముగిసేసరికి ఒక బంటు ఇచ్చి ఒక పావు గెలుచుకుంటాం. బోర్డు మీద ఒకసారి చూపితే పిల్లలు దీన్ని మరువరు.

ఒక జాగ్రత్త: డి7 గుర్రం సి8 బిషప్‌కు అడ్డు. స్లావ్ (డి5కు ఆసరాగా బంటును సి6లో పెట్టే రక్షణ) వంటి ఆటల్లో వీలైతే ముందు బిషప్‌ను ఎఫ్5కు పంపి ఆ తరువాతే గుర్రాన్ని డి7కు తేవాలి.

సమస్య: కారో-కాన్ ఆటలో ఆరో ఎత్తుకే మేటు.

కారణం: ఇ4, సి6, డి4, డి5, గుర్రం సి3, బంటు ఇ4లో కొట్టుడు, గుర్రం తిరిగి ఇ4. ఇక్కడ గుర్రం డి7కు రావడం మాజీ ప్రపంచ ఛాంపియన్ కార్పోవ్ పేరుతో ఉన్న మంచి ఎత్తు. అప్పుడు ప్రత్యర్థి మంత్రి ఇ2కు వస్తే, దాన్ని గమనించకుండా జి8 గుర్రాన్ని ఎఫ్6కు తెస్తే ప్రత్యర్థి గుర్రం డి6లో దిగి మేటు చేస్తుంది. ఇ7 బంటు మంత్రి చూపులో పిన్ అయి కొట్టలేదు, రాజు చుట్టూ మన పావులే.

పరిష్కారం: ముందు బంటు ఇ6, లేదంటే డి7 గుర్రాన్నే ఎఫ్6కు తేవాలి.

సమస్య: ఫ్రెంచి ఆటలో (ఇ4, ఇ6, డి4, డి5) ప్రత్యర్థి బంటు ఇ5కు రాగానే జి8 గుర్రానికి చోటు ఉండదు.

కారణం: ఎఫ్6 ఆ బంటు దెబ్బలో ఉంది.

పరిష్కారం: మొదట సి5, ఆ తరువాతే గుర్రం సి6, ఈ వరస తిరగేస్తే సి బంటు మళ్లీ చిక్కుకుంటుంది. జి8 గుర్రం ఇ7 మీదుగానో హెచ్6 మీదుగానో ఎఫ్5 చేరి డి4 బంటును పట్టుకోవాలి. హెచ్6లో బిషప్ కొడితే రాజు వైపు బంట్లు చెదురుతాయన్న సందేహం సరైనదే. కానీ మంత్రి ముందే బి6కు చేరి బి2 బంటు మీద కన్నేసి ఉంటే, ఆ బిషప్ సి1 వదిలి రావడం ప్రత్యర్థికీ సులువు కాదు. మంత్రి ఇంకా ఇంట్లోనే ఉన్నప్పుడు మాత్రం ఇ7 దారి పట్టడమే క్షేమం.