చర్య నడవడం లేదా, ఆగిందా, వెనక్కి మళ్లిందా? రసాయన చర్యల ప్రయోగాల్లో చిక్కులు, వాటి పరిష్కారాలు

ల్యాబ్‌లో ఫలితం పుస్తకంలో ఉన్నట్టు రాకపోతే చాలామంది పిల్లలు ముందుగా చేసే పని పక్కబల్ల రికార్డు చూసి అంకెలు సర్దుకోవడం. పాఠం చేజారేది అక్కడే. తప్పిన ప్రయోగం కూడా మనకు ఏదో చెబుతుంది, అదేమిటో పట్టుకోవాలి. పదో తరగతి, ఇంటర్ పిల్లలతో ఏళ్ల తరబడి ఈ ప్రయోగాలు చేయిస్తూ చూసిన చిక్కులు, వాటి కారణాలు, సరిచేసుకునే దారులు ఇక్కడ రాస్తున్నాను.

ఏ చిక్కు వచ్చినా ముందు ఒకటి తేల్చుకోండి. మీ ప్రశ్న "ఎంత వేగంగా?" అన్నదా, "ఎంతవరకు?" అన్నదా? మొదటిది చర్యా రేటు, రెండోది సమతాస్థితి, అంటే ముందుకు, వెనక్కి నడిచే చర్యల వేగాలు సమానమై మార్పు ఆగినట్టు కనిపించే స్థితి. ఈ రెండూ కలిసిపోతే ల్యాబ్‌లోనూ తప్పుతారు, పరీక్షలోనూ తప్పుతారు.

హైపో ప్రయోగం: సమయాలకు పొంతన లేదు

తెల్లకాగితం మీద ఇంటూ గుర్తు గీసి, దానిమీద కోనికల్ ఫ్లాస్కు పెట్టి, హైపోలో, అంటే సోడియం థయోసల్ఫేటు ద్రావణంలో, హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తాం. గంధకం సన్నటి రేణువులుగా విడిపడి ద్రావణం పాలలా మారుతుంది, గుర్తు మాయమవుతుంది. హైపో గాఢత సగమైతే సమయం దాదాపు రెట్టింపు కావాలి. 50 మి.లీ. హైపోకు 24 సెకన్లు పట్టిందనుకోండి. 25 మి.లీ. హైపోకు 25 మి.లీ. నీళ్లు కలిపితే 48 సెకన్ల దగ్గర రావాలి. మీకు 35 వచ్చినా, 70 వచ్చినా ఈ కింది వాటిలో ఏదో జరిగి ఉంటుంది.

నేను అందరికన్నా ఎక్కువగా చూసింది నీళ్లు కలపకపోవడం. 25 మి.లీ. హైపో కొలిచి, నీళ్లు మరిచి, నేరుగా ఆమ్లం పోసేస్తారు. అప్పుడు గాఢత అనుకున్నంత తగ్గదు. పైగా ద్రావణం లోతు తగ్గిపోతుంది కాబట్టి గుర్తును కప్పడానికి ఎక్కువ గంధకం కావాలి. రెండు తప్పులూ ఒకేసారి పడతాయి, ఏది ఎంత పని చేసిందో విడదీయలేం. ప్రతిసారీ హైపో, నీళ్లు కలిపి 50 మి.లీ. ఉండాలి, ఆమ్లం 10 మి.లీ. ఉండాలి, ఫ్లాస్కు ఒకే సైజుది కావాలి.

రెండోది కడగని ఫ్లాస్కు. గోడలకు అంటుకున్న గంధకం తర్వాతి ప్రయోగంలో ముందే మసకేస్తుంది. చివరి సమయాలు అనుమానంగా తక్కువ వస్తుంటే బ్రష్షు తీయండి. నిల్వ ఉంచిన హైపో ద్రావణం కూడా తనంతట తానే కాస్త మసకబారుతుంది, ఆ రోజుకు ఆ రోజు కలుపుకోవడం మంచిది. ఇక గుర్తును చూసే కన్ను మారకూడదు. ఒకరు చూస్తూ, ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా అవే పాత్రల్లో ఉండాలి.

గ్రాఫు వంకరగా వచ్చిందని బాధపడేవాళ్లకు ఒక మాట. గాఢతకు సమయానికి మధ్య గీస్తే వంపు రేఖే వస్తుంది, అది తప్పు కాదు. రేటుకు కొలమానం సమయం కాదు, 1/సమయం. అది గీసి చూడండి, సరళరేఖ దగ్గరగా వస్తుంది.

ఈ చర్యలో సల్ఫర్ డయాక్సైడు వస్తుంది. ఆస్తమా ఉన్న పిల్లల్ని కిటికీ దగ్గర నిలబెట్టండి, అయిపోయిన వెంటనే ద్రావణాన్ని వాషింగ్ సోడా నీళ్లలో పోసేయండి.

అన్నీ సరిగానే చేశాం, అయినా ముందే అయిపోతోంది

కారణం గది వేడి. పుస్తకాల్లో అంకెలు ఎక్కువగా 25 డిగ్రీల దగ్గర తీసినవి. మన ప్రాక్టికల్స్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరుగుతాయి, మధ్యాహ్నం బ్యాచ్‌కు ల్యాబ్ గది 33, 35 డిగ్రీలకు చేరుతుంది. ఇలాంటి చర్యల్లో 10 డిగ్రీలు పెరిగితే రేటు సుమారు రెట్టింపవుతుంది. అంటే పొద్దుటి బ్యాచ్ అంకెలు, మధ్యాహ్నం బ్యాచ్ అంకెలు కలవవు, కలవకూడదు కూడా.

రెట్టింపు ఎందుకని అడిగితే "అణువులు ఎక్కువసార్లు ఢీకొంటాయి" అని రాస్తారు. అది చాలదు. 25 నుంచి 35 డిగ్రీలకు వెళ్తే ఢీకొనే వేగం 2 శాతం కూడా పెరగదు. మారేది వేరే ఉంది. చర్య జరగడానికి కావలసిన కనీస శక్తి, అంటే ఉత్తేజన శక్తి, ఉన్న అణువుల వంతు దాదాపు రెట్టింపవుతుంది. 1889లో అర్హీనియస్ చెప్పిన సమీకరణం నుంచి ఇది లెక్క కట్టవచ్చు. ఉత్తేజన శక్తి మోలుకు 50 కిలోజౌళ్ల చుట్టుపక్కల ఉంటే ఈ రెట్టింపు వస్తుంది, అంతకన్నా ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. "10 డిగ్రీలకు రెట్టింపు" అన్నది ప్రకృతి నియమం కాదు, చాలా చర్యలకు ఉజ్జాయింపుగా సరిపోయే అంచనా మాత్రమే.

ఉష్ణోగ్రత ప్రభావం చూపే ప్రయోగంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. హైపోను 45 డిగ్రీలకు వేడి చేసి, చల్లగా ఉన్న ఆమ్లం పోస్తారు. పోయగానే మిశ్రమం వేడి పడిపోతుంది, గ్రాఫులో మాత్రం 45 అని రాస్తారు. ఆమ్లాన్ని కూడా అదే వేడినీళ్ల తొట్టిలో ఉంచండి. ఆమ్లం పోసిన వెంటనే ఒకసారి, గుర్తు పోయాక ఒకసారి థర్మామీటరు చూసి సగటు రాయండి.

లోహం, పాలరాయి: మొదలవడం లేదు, మధ్యలో ఆగింది

మెగ్నీషియం రిబ్బన్ ఆమ్లంలో వేయగానే మొద్దుగా ఉండి, కాసేపటికి జోరందుకుంటే పైన ఆక్సైడు పొర ఉందన్నమాట. గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాలి. రుద్దాక కూడా మధ్యలో వేగం పెరిగితే చర్యలో పుట్టే వేడి కారణం, పెద్ద పరిమాణంలో ఆమ్లం తీసుకుంటే అది తగ్గుతుంది. 0.05 గ్రాముల రిబ్బన్ నుంచి గది ఉష్ణోగ్రతలో 50 మి.లీ. దగ్గర హైడ్రోజన్ రావాలి. బాగా తక్కువొస్తే బిరడా చూడండి, లేదా బిరడా పెట్టేలోపే వాయువు జారిపోయి ఉంటుంది.

పాలరాయి ముక్కల మీద నురగ వచ్చినట్టే వచ్చి ఆగిపోతే సీసా మీద పేరు చదవండి. అది సల్ఫ్యూరిక్ ఆమ్లం అయి ఉంటుంది. నీళ్లలో సరిగా కరగని కాల్షియం సల్ఫేటు రాయిని పొరలా కప్పేసి ఆమ్లాన్ని లోపలికి పోనివ్వదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే ఆ చిక్కు ఉండదు.

శుద్ధమైన జింకు ఆమ్లంతో నెమ్మదిగా స్పందించడం సహజం. రెండు చుక్కల కాపర్ సల్ఫేటు వేస్తే వేగం పుంజుకుంటుంది. దాన్ని ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చవకుండా చర్య వేగం పెంచే పదార్థం, అని రాసేస్తారు కానీ, అక్కడ జింకు మీద రాగి పేరుకుని చిన్న చిన్న విద్యుత్ ఘటాలు ఏర్పడుతున్నాయి. వేసిన కాపర్ సల్ఫేటు చివరికి కాపర్ సల్ఫేటుగా మిగలదు. ఈ తేడా రికార్డులో రాస్తే నేనైతే సంతోషిస్తాను.

ఉత్ప్రేరకం ఎక్కువ వేస్తే ఎక్కువ ఆక్సిజన్ రావాలి కదా?

రాదు. "ఎంత వేగంగా", "ఎంతవరకు" అన్నవి వేర్వేరని కళ్లతో చూపించే ప్రయోగం ఇదే. మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు మీద 20 వాల్యూమ్ అని ఉంటుంది. అంటే 1 మి.లీ. ద్రావణం విచ్ఛిన్నమైతే 20 మి.లీ. ఆక్సిజన్ వస్తుందని అర్థం. 5 మి.లీ. తీసుకుంటే చిటికెడు మాంగనీస్ డయాక్సైడు వేసినా, చెంచాడు వేసినా 100 మి.లీ. దగ్గరే ఆగుతుంది. చిటికెడుకు ఎక్కువసేపు పడుతుంది, చెంచాకు తక్కువసేపు. రెండు గ్రాఫులూ ఒకే ఎత్తుకు చేరితే మీ ప్రయోగం సరైనదే.

100 రావాల్సింది 40 వస్తే సీసా పాతబడింది. వేడికి, వెలుతురుకు పెరాక్సైడు తనంతట తానే విచ్ఛిన్నమవుతుంది. అందుకే ముదురు రంగు సీసాలో, చల్లటి చోట పెట్టాలి. మాంగనీస్ డయాక్సైడు లేకపోతే పచ్చి బంగాళాదుంప ముక్క వేయండి, అందులోని కెటలేజ్ ఎంజైము అదే పని చేస్తుంది. ఉడికిన దుంప పని చేయదు, వేడికి ఎంజైము పాడైపోతుంది.

ఫెర్రిక్ థయోసయనేటు: ఏం కలిపినా రంగు మారడం లేదు

సమస్య: ఫెర్రిక్ క్లోరైడు, పొటాషియం థయోసయనేటు కలిపితే నెత్తుటి ఎరుపు వచ్చింది. ఇంకాస్త ఫెర్రిక్ క్లోరైడు వేసినా తేడా కనబడలేదు.

కారణం: ద్రావణం మరీ చిక్కగా ఉంది. అంత ఎరుపులో ఇంకాస్త ఎరుపు కంటికి ఆనదు.

పరిష్కారం: రెండింటినీ 100 మి.లీ. నీళ్లకు 0.1 గ్రా. చొప్పున కలిపి, చెరి 20 మి.లీ. తీసుకోండి. ఆ ఎరుపు నుంచి 2.5 మి.లీ. ఒక్కో నాళికలో పోసి, అన్నిటినీ 20 మి.లీ.కి తేవాలి. పోల్చడానికి పెట్టిన నాళికలో 17.5 మి.లీ. నీళ్లు పోయండి. 1 మి.లీ. ఫెర్రిక్ క్లోరైడు వేసినదానిలో 16.5 మి.లీ. చాలు. కింద తెల్లకాగితం పెట్టి, పైనుంచి కిందికి చూడండి.

ఆ మొత్తం 20 మి.లీ. ఎందుకంత ముఖ్యమంటే, ఇక్కడ నీళ్లు కలపడమే సమతాస్థితిని కదిలిస్తుంది. ఫెర్రిక్, థయోసయనేటు అయాన్లు రెండూ కలిసి ఎర్రటి సంక్లిష్ట అయాన్‌గా ఒకటయ్యే చర్య కాబట్టి పలచన చేస్తే తిరిగి విడిపోయే వైపు మొగ్గుతుంది. నీళ్లు రెట్టింపైతే రంగు సగం కన్నా తగ్గుతుంది. నీటి లెక్క సరిగా ఉంచకపోతే మార్పు దేనివల్ల వచ్చిందో చెప్పలేం.

పొటాషియం క్లోరైడు వేస్తే రంగు తగ్గడానికి "అది క్రియాజన్యం కాబట్టి" అని చాలాచోట్ల రాస్తారు. నాకు ఈ వివరణ నచ్చదు. అయాన్ల సమీకరణం రాసి చూస్తే పొటాషియం, క్లోరైడు రెండూ అందులో ఉండవు. క్లోరైడు అయాన్లు కొంత ఫెర్రిక్ అయాన్లను తమవైపు లాక్కుంటాయి, ఆ మేరకు ఎరుపు సంక్లిష్టం విడిపోతుంది. ద్రావణంగా పోస్తే పలచన అవడం కూడా తోడవుతుంది.

కోబాల్ట్ క్లోరైడు: వేడి చేసినా నీలం రావడం లేదు

గులాబి రంగు కోబాల్ట్ అయాన్ చుట్టూ ఆరు నీటి అణువులుంటాయి. నీలం అయాన్ చుట్టూ నాలుగు క్లోరైడులు. వేడి చేస్తే నీలం వైపు, మంచులో పెడితే గులాబి వైపు జరగాలి. జరగకపోతే నీళ్లు ఎక్కువయ్యాయి, క్లోరైడు చాలలేదు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా వేస్తూ ఊదారంగు దగ్గర ఆపండి. అక్కడ రెండు రకాల అయాన్లూ తగినంత ఉంటాయి, ఏ వైపు నెట్టినా కనబడుతుంది. కోబాల్ట్ లవణాలు విషం, గాఢ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది. అందుకే ఈ పని గురువు చేతి మీదుగానే జరగాలి.

కోబాల్ట్ కొనలేని బడులకు మన ఇళ్లలోనే ఒకటుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లు! పసుపు నీళ్లలో సున్నం పడితే ఎరుపు, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు, మళ్లీ సున్నం తేట పోస్తే ఎరుపు. పసుపులోని కుర్కుమిన్ ఆమ్ల, క్షార రూపాల మధ్య ముందుకీ వెనక్కీ నడిచే ద్విగత చర్య అది. ఇందులోనూ ఒక చిక్కుంది. ఎర్రనీళ్లను గంటల తరబడి వదిలేసి నిమ్మరసం పిండితే మొదటి పసుపు రంగు తిరిగి రాదు. క్షారంలో కుర్కుమిన్ మెల్లగా విరిగిపోతుంది, ఆ చర్య వెనక్కి రాదు. అప్పటికప్పుడు చేసి చూపించండి.

కాపర్ సల్ఫేటు తెల్లబడాల్సింది నల్లబడింది

మంట ఎక్కువైంది. నీలి స్ఫటికాల్లో బరువులో 36 శాతం నీరే. 2.5 గ్రాములు మెల్లగా వేడి చేస్తే 1.6 గ్రాముల తెల్లపొడి మిగలాలి, నీళ్ల చుక్క వేస్తే మళ్లీ నీలమవుతుంది. మరీ కాలిస్తే సల్ఫేటే విరిగి నల్లటి కాపర్ ఆక్సైడు మిగులుతుంది, దానిమీద ఎన్ని నీళ్లు పోసినా నీలం రాదు.

ఇది మూత లేని పాత్రలో చేసే పని కాబట్టి సమతాస్థితి కాదని గుర్తుంచుకోండి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో జరిగేదీ ఇదే. సున్నపురాయి విడిపోవడం ద్విగత చర్యే, కానీ కార్బన్ డయాక్సైడు పైకి పోతూ ఉంటే వెనక్కి నడవడానికి అక్కడ ఏమీ మిగలదు. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తొలే, ఉప్పు సరస్సుల ఒడ్డున సోడా పేరుకుని ఉండటం చూసి ఇటువంటి ప్రశ్నే వేసుకున్నాడు. ల్యాబ్‌లో సోడా, కాల్షియం క్లోరైడు కలిసి సున్నపురాయి, ఉప్పు అవుతాయి. అక్కడేమో ఉప్పు, సున్నపురాయి విస్తారంగా ఉన్నందున చర్య తలకిందులైంది. పదార్థాల మోతాదు చర్య దిశను తిప్పగలదని అతను గ్రహించాడు.

జవాబుపత్రంలో కనబడే చిక్కులు

"వేడి చేస్తే ఉష్ణమోచక చర్యలో తిరోగామి చర్య వేగం పెరుగుతుంది, పురోగామి వేగం తగ్గుతుంది." ఉష్ణమోచకం అంటే వేడిని విడుదల చేసేది, పురోగామి అంటే ముందుకు నడిచే చర్య, తిరోగామి అంటే వెనక్కి నడిచేది. పై మాట సగమే నిజం. రెండూ పెరుగుతాయి, తిరోగామిది ఎక్కువ పెరుగుతుంది. అమ్మోనియా తయారీలో 450 డిగ్రీలు ఎందుకన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. చల్లగా ఉంచితే దిగుబడి ఎక్కువే, కానీ ఎప్పటికి అందుతుంది? ఇనుము ఉత్ప్రేరకం పెట్టినా ఆ వేడి కావాల్సిందే. 200 అట్మాస్ఫియర్ల ఒత్తిడి దిగుబడిని కొంత తిరిగి తెస్తుంది. రామగుండం యూరియా వెనక ఉన్న అమ్మోనియా కూడా ఈ చర్యతో వచ్చిందే.

"సమతాస్థితి స్థిరాంకం చాలా ఎక్కువ, కాబట్టి చర్య వేగంగా జరుగుతుంది." కాదు. ఆ స్థిరాంకం చర్య ఎంతవరకు సాగుతుందో చెబుతుంది, ఎంత వేగంగానో కాదు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే చర్యకు అది అపారం. అయినా గది వేడిలో రెండింటినీ ఒకే పాత్రలో ఉంచితే నిప్పురవ్వ తగిలేదాకా ఏళ్లకేళ్లు అలాగే ఉంటాయి.

"సమతాస్థితి అంటే రెండు వైపులా సగం సగం." సమానంగా ఉండాల్సింది వేగాలు. పరిమాణాలు ఎంతైనా కావచ్చు.

చివరిగా, నైట్రోజన్ డయాక్సైడు అనే గోధుమరంగు వాయువు నింపిన సిరంజిని ఒత్తి చూపే వీడియో. "ఒత్తితే రంగు తగ్గాలి కదా సార్, ముదిరిందేంటి?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ పిల్లవాడు సరిగానే చూశాడు. ఒత్తగానే గోధుమరంగు వాయువు ఇరుకులో పడి గాఢత పెరుగుతుంది, రంగు ముదురుతుంది. ఆ తర్వాతే రెండు అణువులు ఒకటై రంగులేని డైనైట్రోజన్ టెట్రాక్సైడు ఏర్పడుతూ కాస్త తేలికవుతుంది. అయినా పక్కనుంచి చూస్తే మొదటికన్నా ముదురుగానే మిగులుతుంది. అదే సిరంజిని పొడవునా, మొన వైపు నుంచి చూడండి. దారి ఎంత కురచైతే వాయువు అంత చిక్కనవుతుంది కాబట్టి ఒత్తగానే తేడా ఉండదు. తర్వాత తగ్గే రంగంతా సమతాస్థితి జరిగినందువల్లే.