సియెమ్ రీప్‌లో గోల్ఫ్, ఆలయాలు రెండూ కుదరాలంటే

గోల్ఫ్ ఆడేందుకు కంబోడియాలోని సియెమ్ రీప్‌కు వెళ్ళేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది: ఆటకూ, అంకోర్ ఆలయాల దర్శనానికీ ఉదయపు చల్లని వేళే అనుకూలం. ఆలయాల సందర్శనకు 37 డాలర్ల ఒకరోజు టికెట్ కొని రెండింటినీ ఒకే రోజులో ఇరికించే బదులు, 62 డాలర్ల మూడు రోజుల పాస్ తీసుకోండి. అది వరుస రోజులకే పరిమితం కాదు. పది రోజుల వ్యవధిలో మీకు వీలైన ఏ మూడు రోజులైనా చెల్లుతుంది కనుక, ఒక రోజు ఆట, మరుసటి రోజు ఆలయాలు అని మార్చి మార్చి పెట్టుకోవచ్చు. మొదటి రోజు తెల్లవారుజామున 5 గంటలకే తెరిచే అంకోర్ వాట్‌తో మొదలుపెట్టి, బాయన్, తా ప్రోమ్ ఆలయాలు చూడండి. పట్టణానికి దూరంగా ఉన్న బాంతేయ్ స్రే ఆలయానికి మరొక ఉదయమంతా కేటాయించండి. ఆ ఎర్రటి ఇసుకరాతి శిల్పాలలో రామాయణ ఘట్టాలను గుర్తుపట్టడం మన తెలుగువారికి ప్రత్యేకమైన ఆనందం. అంకోర్ వాట్ పై అంతస్తు ఎక్కడానికి భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు తప్పనిసరి. గోల్ఫ్ నిక్కరు పనికిరాదు.

అయితే ఆట ముగిశాక సాయంత్రం ఒక్క ఆలయానికి వెళ్ళినా పాస్‌లో ఒక రోజు ఖర్చవుతుంది. బస నాలుగు రోజులలోపే అయితే ఈ పద్ధతి కలిసిరాదు.