పాపాయి టోపీ మధ్యలో ముడుచుకుపోతే

మిగిలిన ఊలు ఉండలతో చారల టోపీ అల్లితే, సన్న ఊలు చార దగ్గర నడుం కట్టినట్టు ముడుచుకుపోయింది. కుట్ల లెక్క తప్పలేదు, తేడా అంతా ఊలు మందంలోనే. విప్పి, సన్న ఊలును రెండు పోగులు కలిపి అల్లాక సరిపోయింది. 4 మి.మీ. సూదులపై 10 సెం.మీ.కు 22 కుట్లు వస్తున్నాయేమో ముందే చిన్న ముక్క అల్లి చూడాలి.

అప్పుడే పుట్టిన బిడ్డకు 72 కుట్లు చాలు. అంచు రెండు నిట్ (సూటి కుట్లు), రెండు పర్ల్ (తిరగ కుట్లు), ఇలా మార్చి మార్చి. ఎత్తు 12 సెం.మీ. అయ్యాక ప్రతి 8 కుట్లలో చివరి రెండూ కలిపేయాలి. వరుస విడిచి వరుస 7లో, 6లో, అలా 9 కుట్లు మిగిలేదాకా. వాటిలోంచి పోగు దూర్చి బిగించడమే.

టోపీని కుందేలులా చేయాలంటే చెవులు విడిగా అల్లి కుట్టొచ్చు. కళ్ళకు గుండీలు మాత్రం వద్దు, ఊడితే నేరుగా నోట్లోకే! నల్ల ఊలుతో ముడి కుట్టు వేయండి.