ల్యాబ్ తెరిచే ముందు ఎర్త్ చూడండి

వేసవి సెలవులయ్యాక ల్యాబ్ తెరవగానే దుమ్ము దులుపుతాం, బీకర్లు కడిగిస్తాం. ఎర్త్ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

నిరుడు మా కెమిస్ట్రీ ల్యాబ్‌లో వాటర్ బాత్ అంచు తగిలి నా వేలు జివ్వుమంది. ప్లగ్గు విప్పి చూస్తే ఆకుపచ్చ ఎర్త్ వైరు స్క్రూలోంచి ఊడి పక్కకు వంగి ఉంది. హీటర్‌కి తడి పట్టి కరెంటు బాడీకి లీకవుతోంది. అది భూమిలోకి పోవాల్సిన దారే తెగిపోయింది. ఇంకో పావుగంటలో పిల్లలు తడి చేతులతో వచ్చేవాళ్లు.

ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఉందిగా అంటారు. అది వైర్లు కాలకుండా కాపాడుతుంది, మనుషుల్ని కాదు. తడి ఒంటి నిరోధం వెయ్యి ఓంలనుకున్నా, 230 వోల్టులకి ఒంట్లోంచి 230 మిల్లీ ఆంపియర్లు పోతాయి. గుండె ఆగడానికి అది చాలు, 10 ఆంపియర్ల ఎంసీబీ మాత్రం కదలదు. అందుకే బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే పడిపోయే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. దాని టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడాలి. పడిందని ఎర్త్ బాగున్నట్టు కాదు, అది వేరే పరీక్ష.

ప్లగ్గు పీకేసి, మల్టీమీటర్‌తో ప్లగ్గు పెద్ద పిన్నుకీ పరికరం లోహపు బాడీకీ మధ్య కంటిన్యుటీ (దారి తెగకుండా ఉందా అని) చూడండి. రంగు పూత మీద కాదు, స్క్రూ తల మీద పెట్టి చూడాలి. ఓవెన్, హాట్ ప్లేట్, సెంట్రిఫ్యూజ్, దేన్నీ వదలొద్దు. ఆ పిన్ను పొడుగ్గా ఉండేది ఊరికే కాదు: పెట్టేటప్పుడు ముందు ఎర్త్ తగలాలి, పీకేటప్పుడు చివరికి వదలాలి.

ఫిజిక్స్ ల్యాబ్ వాళ్లకు ఒక మాట. సీఆర్‌ఓని (వోల్టేజీ తరంగాన్ని తెర మీద చూపే పరికరం) ఎర్త్ నుంచి విడదీయాలని ఆ పిన్ను విరిచేసే అలవాటు చాలా చోట్ల ఉంది. దయచేసి మానండి. ప్రోబ్ క్లిప్పు, సీఆర్‌ఓ బాడీ లోపల ఒకటే. క్లిప్పు ఫేజుకి తగిలితే బాడీ అంతా 230 వోల్టులే. ప్రయోగం చేసే సర్క్యూట్‌కి మెయిన్స్‌తో నేరుగా కలవకుండా కరెంటిచ్చే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి.

ఎండలకి నేల ఎండి ఎర్త్ గుంత (ఎర్త్ వైరు భూమిలోకి దిగే చోటు) నిరోధం పెరుగుతుంది. నీళ్లు పోయించండి, తుప్పు పట్టిన బోల్టులు మార్పించండి, ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి ఆ అంకె రిజిస్టర్‌లో రాయించండి.

ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపాలి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోవాలి. ఊపిరి లేకపోతే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ ఊపిరి అందించడం) మొదలుపెట్టి, 108కి ఫోన్ చేయించాలి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో మొదటి ప్రాక్టికల్ రోజునే పిల్లలకు చూపించండి. దానికి బీరువా అడ్డముంటే ఇవాళే జరిపించండి.